వాగు ఎగదన్నక ముందే మోటారు తీయాలి: సిరోంచ వరద ప్రాజెక్టు డైరీ

మృగశిర కార్తె

ముందు మా జాగా ఎక్కడుందో చెప్తాను, అది తెలియకపోతే మేం చేసే పని ఎందుకో అర్థం కాదు. సిరోంచ అంటే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాకు దక్షిణం కొస. పడమర ప్రాణహిత, దిగువన గోదావరి, తూర్పు చివర సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఏరు దాటితే కాళేశ్వరం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది మరాఠీ, జిల్లా కేంద్రం 200 కిలోమీటర్ల దూరం. వరద హెచ్చరిక జిల్లా నుంచి మరాఠీలో వస్తుంది. తెలుగు టీవీ పెడితే భద్రాచలంలో ఎన్ని అడుగులు ఉందో చెప్తారు. 43కి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది, ఈ అంకెలు మా దగ్గర బడి పిల్లలకు కూడా నోటికి వచ్చు. అయితే భద్రాచలం మాకు దిగువన ఉంది. అక్కడ పెరిగే నీళ్లు మా చేల పక్కనుంచి దాటిపోయినవే. అక్కడి అంకె చూసి మేం జాగ్రత్త పడదామంటే అప్పటికే మా పని అయిపోయి ఉంటుంది.

2022 జులై వరద సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మాకు దిగువన గోదావరి మీద ఉన్న మేడిగడ్డ బ్యారేజీ 85 గేట్లూ ఎత్తారు, ప్రవాహం 28 లక్షల క్యూసెక్కులు దాటింది, జులై 16న భద్రాచలంలో 71.3 అడుగులు, 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత ఎత్తు అదే. అంత పెద్ద వరద వస్తే ఊరు ఖాళీ చేయిస్తారు, పడవలు వస్తాయి, అందరూ పట్టించుకుంటారు. మేం పెట్టుకున్న పని దాని గురించి కాదు. దాదాపు ఏటా వచ్చే చిన్న వరద గురించి. ఇల్లు మునగదు, రోడ్డు కూడా చాలాసార్లు మునగదు, పేపర్లో ఒక్క ముక్క రాదు. మునిగేది ఒడ్డున ఉన్న మోటార్లు, నారుమళ్లు, పత్తి చేలు. ప్రమాద స్థాయి అనే గీత ఊళ్లనూ రోడ్లనూ చూసి పెట్టింది, పొలం ఆ గీతకు చాలా కింద ఉంటుంది. అంటే ప్రమాద స్థాయి దాటలేదు అని రేడియోలో చెప్తున్న టైముకే ఒక రైతు ఆ ఏడాది పెట్టుబడి మొత్తం నీళ్లలో ఉండొచ్చు. పొలానికి ఒక గీత కావాలి అన్నదే మా ప్రాజెక్టు మొత్తం.

ఇంకో సంగతి. ప్రాణహితలో కలిసే మా వాగులోకి వరద పైనుంచి కాదు, కిందనుంచి వస్తుంది. ప్రాణహిత పొడవు 113 కిలోమీటర్లే, కానీ అది మోసుకొచ్చేది వార్ధా, పెన్‌గంగ, వైన్‌గంగ నీళ్లు, మొత్తం గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతు దానిదే. మధ్యప్రదేశ్‌లో సివనీ, బాలాఘాట్ నుంచి మొదలుపెట్టి భండారా, నాగపూర్, యవత్మాల్ దాకా ఎక్కడ దంచికొట్టినా ఆఖరికి మా ముందునుంచే పోవాలి. నది నిండుగా ఉంటే వాగు నీళ్లకు పోయే దారి ఉండదు. ఆగిపోతాయి, తర్వాత నది నీళ్లే వాగులోకి ఎగదన్నుతాయి. మా నెత్తిన ఎండ కాస్తూ ఉంటుంది, చుక్క వాన ఉండదు, పొలం మాత్రం మునుగుతూ ఉంటుంది. వాన సూచన చూసుకుని కూర్చున్న రైతుకు ఇది ఎక్కడ అందుతుంది?

ఆరుద్ర కార్తె

కల్వర్టు గోడ మీద స్కేలు గీయించాం. దుకాణాల బోర్డులు రాసే అన్నే రాశాడు, పసుపు మీద నలుపు, పది సెంటీమీటర్లకు ఒక గీత, మీటరుకు పెద్ద అంకె. సున్నా అంటే కల్వర్టు దగ్గర వాగు అడుగు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు పని ఆ తర్వాత మొదలైంది, స్కేలు మీద అంకెకూ ఒక్కొక్కరి పొలానికీ లంకె కలపాలి.

శాటిలైట్ ఎత్తుల మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి, వాటితో మొదలుపెట్టమని చాలామంది సలహా ఇచ్చారు. అవి 30 మీటర్ల గళ్లలో ఉంటాయి, ఎత్తులో తేడా కొన్ని మీటర్ల వరకు ఉండొచ్చు. మా దగ్గర మోటారు దిమ్మెకూ దాని వెనక పత్తి చేనుకూ మధ్య తేడా మీటరు కూడా లేదు. కొండలూ లోయలూ చూడ్డానికి ఆ మ్యాపు బాగుంటుంది, పొలం గట్టు చూడ్డానికి కాదు. అందుకని మేస్త్రీలు పునాది మట్టం చూసే ట్యూబు తీసుకున్నాం. సన్నటి పారదర్శక పైపు, అందులో నీళ్లు, కనబడ్డానికి కాస్త నీలిమందు. ఒక కొస కల్వర్టు మీద గీతకు ఆనించి ఒకరు పట్టుకుంటారు, రెండో కొస పట్టుకుని ఇంకొకరు పొలంలోకి పోతారు. పైపులో గాలి బుడగ ఒక్కటి మిగిలినా మట్టం తప్పుతుంది, అందుకే ప్రతిసారీ వేలితో కొడుతూ బుడగలన్నీ పైకి పంపాలి, నీళ్లు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడాలి, అప్పుడు కర్ర మీద పెన్సిలు గుర్తు. ఒక కర్ర దగ్గర్నుంచి ఇంకో కర్రకు, అలా ఒడ్డంతా. రేగడి నేల తడిస్తే చెప్పు ఊడొస్తుంది, వట్టికాళ్లతోనే తిరిగాం. ఒక చుట్టు తిరిగి మళ్లీ కల్వర్టు దగ్గరికి వచ్చి చూస్తే నాలుగు సెంటీమీటర్ల తేడా వచ్చింది. అంత పొలానికి అది మాకు సరిపోతుంది.

ఒడ్డు మీద మోటారు ఉన్న కాక ఒకాయన మాతో మొదటినుంచీ నడిచాడు. మీటర్లూ సెంటీమీటర్లూ చెప్తుంటే ఆగమన్నాడు. "గీ లెక్కలు నాకెందుకు బిడ్డా, నా మోటరు మునుగుతదా మునగదా, గది చెప్పు సాలు." ఆ మాట విన్నాక స్కేలు మీద అంకెల పక్కన పేర్లు పెట్టాం. 2.6 మీటర్ల దగ్గర మోటారు గీత, ఎరుపు. 3.1 దగ్గర నారు గీత. 3.4కి చేను గీత. 4.2కి రోడ్డు గీత, అది దాటితే కల్వర్టు మీద బండి పోదు, కానీ అప్పటికి మా పని ఎప్పుడో అయిపోయి ఉండాలి. ఇప్పుడు ఊళ్లో ఎవరూ మీటర్లు మాట్లాడరు, "మోటరు గీతకు జానెడు కిందుంది" అంటారు. నాకైతే ఈ ప్రాజెక్టులో పెట్టిన కరెంటు సామాను అంతటికంటే ఈ నాలుగు గీతలకే విలువ ఎక్కువ అనిపిస్తుంది.

సెన్సారు సంగతి

నీటిమట్టం కొలవడానికి జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ అనే అల్ట్రాసోనిక్ సెన్సారు వాడాం, తడిసినా పాడుకాని రకం, పైనుంచి నీళ్ల మీదికి శబ్దం పంపి తిరిగి వచ్చే టైమును బట్టి దూరం లెక్కేస్తుంది. దానికి రీడింగులు చదివే ఈఎస్పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డు, చిన్న సోలార్ ప్యానెల్, బ్యాటరీ. కల్వర్టుకు బిగించడానికి సంబంధిత కార్యాలయంలో దరఖాస్తు పెట్టాం, జవాబు రాలేదు, వానలు ఆగవు కాబట్టి పక్కన రైతు పొలంలో ఇనుప స్తంభం పాతి దాని చేతిని వాగు మీదికి చాపాం. వాగు దగ్గర ఫోన్ సిగ్నల్ ఉండదు. అందుకే ఫోన్ సిగ్నల్ లేకున్నా దూరానికి చిన్న సందేశాలు పంపే లోరా రేడియో పెట్టాం, 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు, బడి కప్పు మీద ఇంకో పెట్టె దాన్ని అందుకుని అక్కణ్నుంచి నెట్‌కు పంపుతుంది. కరెంటు పోతే బడి పెట్టె కూడా బ్యాటరీ మీదే నడవాలి, ఎందుకంటే మాకు వరదా కరెంటు కోతా జంటగానే వస్తాయి.

ఈ సెన్సారు వాడేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. వానల మధ్య ఎండ కాసిన రోజుల్లో మధ్యాహ్నం కాగానే మా గ్రాఫు పైకి లేచేది, సాయంత్రానికి దిగేది. స్కేలు దగ్గర నిలబడి చూస్తే నీళ్లు కదల్లేదు. కారణం శబ్ద వేగం. గాలి వేడెక్కితే శబ్దం వేగంగా పోతుంది, డిగ్రీకి సెకనుకు 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది. కోడులో మామూలుగా 20 డిగ్రీల దగ్గరి వేగం, 343 మీటర్లు, రాసి ఉంటుంది. గాలి 40 డిగ్రీలు ఉంటే 5 మీటర్ల దూరాన్ని అది 17, 18 సెంటీమీటర్లు తక్కువగా చూపిస్తుంది, అంటే నీళ్లు అంత పెరిగినట్టు. మోటారు గీతకు జానెడు కింద నీళ్లున్నప్పుడు ఆ తేడాకు ఊరు ఊరంతా పరుగెత్తుతుంది. నీడలో ఒక ఉష్ణోగ్రత సెన్సారు పెట్టి ప్రతి రీడింగునూ దాంతో సరిచేస్తే గ్రాఫు కుదురుకుంది. ఒక్క రీడింగు మీద నమ్మకం పెట్టకుండా వరసగా పదిహేను తీసి మధ్యది మాత్రమే ఉంచుతున్నాం, కొట్టుకొచ్చే కొమ్మా నురగా దాంతో పోతాయి. సాలీడు గూడు మాత్రం కోడుతో పోదు, వారానికి ఒకసారి నిచ్చెన ఎక్కి తుడవాల్సిందే.

పొద్దునా సాయంత్రం మనిషి పోయి స్కేలు చూసి రాయడం మానలేదు, మానం కూడా. సెన్సారుకూ కంటికీ తేడా వస్తే కన్ను చెప్పిందే రాసుకుంటాం.

చిన్న పుష్యాల (పునర్వసు కార్తె)

వాన కొలిచే సీసాలు ఊళ్లో నలుగురి ఇళ్లలో పెట్టాం. వాతావరణ శాఖ లెక్క పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు, మేం కూడా అదే టైము పెట్టుకున్నాం, లేకపోతే వాళ్ల అంకెలతో పోల్చలేం. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. బడిలో ఏడో తరగతి పిల్లలు ఈ అంకెలు గోడ మీద రాసుకుని రోజూ పొద్దున సీసా చదువుతున్నారు.

నది అంకెలు కేంద్ర జల సంఘం ఇస్తుంది. ప్రాణహిత మీద మా తాలూకాలోనే టేక్రా దగ్గర వాళ్ల కొలత కేంద్రం ఉంది. పైన వైన్‌గంగ మీద ఆష్టి, వార్ధా మీద బామ్నీ. 2023లో వాళ్లు తెచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ కూడా ఫోన్లో ఉంది. పెద్ద నదికి సూచన లేదని అనడం అన్యాయం, ఉంది, మెరుగవుతూ కూడా వస్తోంది. నది నుంచి వాగుకు, వాగు నుంచి గట్టుకు వచ్చే ఆఖరి ముక్క మాత్రం పైనుంచి ఎవరూ చెప్పలేరు, అది ఇక్కడే తయారు కావాలి.

లెక్క చాలా సాదా. టేక్రా దగ్గర ఈరోజు మట్టం, ఆష్టి దగ్గర నిన్నటినుంచి ఎంత పెరిగింది, మా ఊళ్లో ఎంత వాన, ఈ మూడింటినుంచి రేపు తెల్లారేసరికి మా స్కేలు ఎంత చూపిస్తుందో ఒక ఎక్సెల్ షీటు అంచనా వేస్తుంది. ఏఐ పెట్టలేదేమని ఇంజనీరింగు చదువుతున్న తమ్ముడు అడిగాడు. ఒక్క సీజను రీడింగులతో దానికి నేర్పడానికి ఏముంటుంది? పాత ఏళ్ల అంకెలు కలుపుదామంటే అక్కడ ఇంకో చిక్కు. మేడిగడ్డలో 2019 నుంచి నీళ్లు నిలబెట్టారు, 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగాక ఖాళీ చేశారు. నిండిన బ్యారేజీ ఉన్న రోజుల నదీ, గేట్లు ఎత్తి ఉన్న నదీ మా వాగుకు ఒకటి కాదు. మళ్లీ నింపిన రోజు మా లెక్క మళ్లీ మొదటినుంచి వేయాలి, ఆ సంగతి షీటు పైనే పెద్ద అక్షరాలతో రాసిపెట్టాం.

పెద్ద పుష్యాల (పుష్యమి కార్తె)

మొదటి అసలు పరీక్ష. మా దగ్గర వాన తెరిపిచ్చి ఆకాశం తేటగా ఉంది, అందరూ యూరియా చల్లే తొందరలో ఉన్నారు. పైన వైన్‌గంగ పొంగింది, దాని మీది గోసీఖుర్ద్ ఆనకట్ట గేట్లు ఎత్తారు, ఆష్టి గ్రాఫు రాత్రంతా పైకే. పొద్దున మా సీసాల్లో సున్నా. మధ్యాహ్నం కల్వర్టు మీద నిలబడి చూశాను. నీళ్ల మీద తేలుతున్న ఎండుటాకులు నది వైపు మెల్లగా పోతూ పోతూ ఆగాయి. చాలాసేపు ఒకేచోట తిరిగాయి. తర్వాత పొలాల వైపు కదలడం మొదలుపెట్టాయి. స్కేలు మీద గంటకు నాలుగు వేళ్ల లెక్కన పెరుగుతోంది.

టైము గురించి కాకవాళ్లు ముందే తేల్చి చెప్పారు, కబురు పొద్దుగూకేలోపు రావాలి. చీకట్లో ఒడ్డు మీదికి ఎవరూ పోరు, పాములు, జారుడు, పైగా తడిసిన స్టార్టరు డబ్బా ముట్టుకుంటే షాకు. రాత్రి పదింటికి ఎంత కచ్చితమైన సూచన ఇచ్చినా పొలానికి అది లేనట్టే. కాబట్టి మా షీటు మధ్యాహ్నం మూడింటికి నడుస్తుంది, నాలుగులోపు కబురు పోతుంది. రాసి పంపితే లాభం లేదు, తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు, చదివింది మరాఠీ. అందుకని ఊరందరికీ గొంతు తెలిసిన బచత్ గట్ (పొదుపు సంఘం) అక్క వాట్సాప్‌లో మాట రూపంలో పంపుతుంది, వెనకే ఆమె కోడలు గోండీలో. ఆరోజు పంపింది ఇదీ: "ఈ రాత్రి వాగు మోటరు గీత దాటుతదని లెక్క చెప్తున్నది. ఇసొంటి పరిస్థితి పది సార్లొస్తే ఏడు సార్లు దాటుతది. పొద్దుగూకకముందే మోటర్లు తీసుకోండ్రి, యూరియా ఇయ్యాల చల్లకుండ్రి." మోటార్లన్నీ ట్రాక్టరు ట్రాలీలో ఊళ్లోకి వచ్చాయి. తెల్లవారుజామున నీళ్లు మోటారు గీత దాటి నారు గీతకు బెత్తెడు కింద ఆగాయి. నీళ్లు పట్టిన మోటారుకు రీవైండింగు, బేరింగులు, పైగా షాపు తిప్పలు, ఇవన్నీ ఈసారి తప్పాయి. యూరియా చల్లినవాళ్లు ఎవరూ లేరు, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆశ్లేష

మళ్లీ ఆష్టి పెరిగింది, మళ్లీ ఏడు అని చెప్పాం, నీళ్లు మోటారు గీతకు మూరెడు కిందే ఆగిపోయాయి. మర్నాడు ఒక అన్న కోపంగా వచ్చాడు. "పైపులన్నీ ఊడదీసిన, ఇద్దరికి కూలి దండుగ, మీ లెక్కకేం పోయింది?" ఆయన కోపంలో న్యాయం ఉంది. పది సార్లలో ఏడు అంటే మూడు సార్లు రాదనే కదా అని నేను అనొచ్చు, కానీ కూలి ఇచ్చింది ఆయన. రచ్చబండ దగ్గర కూర్చుని అందరం మాట్లాడుకున్నాం. కబురు రెండు మెట్లలో ఇవ్వాలని తేలింది. ముందురోజు "చూసుకోండి", అంటే మనిషినీ ట్రాలీనీ మాట్లాడి పెట్టుకోవడం, ఖర్చు లేదు. అదే రోజు మూడింటికి "తీయండి". ఎంత నమ్మకం ఉంటే తీయాలన్నది ఒక్కొక్కరి పొలాన్ని బట్టి మారుతుంది, బరువైన పెద్ద మోటారున్నవాళ్లు ఐదన్నా తీస్తామన్నారు, ఆయిల్ ఇంజన్ ఉన్నవాళ్లు ఎనిమిది అంటేనే కదులుతామన్నారు. నిర్ణయం వాళ్లది, మా పని అంకె దాచకుండా చెప్పడం.

నీళ్లు ఎందుకు ఆగాయో కూడా వెతికాం. ఆ వరదలో వైన్‌గంగ ఒక్కటే పొంగింది, వార్ధా తక్కువగా ఉంది, బామ్నీ అంకె దాదాపు కదల్లేదు. రెండూ కలిసి వస్తేనే ప్రాణహిత మా వాగును గట్టిగా ఎగదన్నుతుంది. బామ్నీని లెక్కలో చేర్చాం, అదే వరదకు మళ్లీ లెక్కేస్తే ఏడు కాస్తా నాలుగుకు దిగింది.

మఖ, పుబ్బ

ఈ రోజుల్లో ఎక్కువ పని పంట వైపు. రేగడిలో పత్తి వేర్లు రెండు రోజులు నీళ్లలో ఉంటే ఊపిరాడక వాడిపోతాయి, వరి కొన్ని రోజులు తట్టుకుంటుంది. అందుకే నీళ్లు ఎప్పుడు వస్తాయో ఎంత ముఖ్యమో ఎప్పుడు దిగుతాయో కూడా అంతే ముఖ్యం. టేక్రా తగ్గడం మొదలుపెట్టిన తర్వాత మా వాగు ఎంతసేపటికి మళ్లీ నది వైపు పారుతుందో చూసి దిగే కబురు కూడా ఇస్తున్నాం, అది విని రైతులు సాళ్ల కొసన కాలువలు తీసి సిద్ధంగా ఉంటున్నారు. చేను గీతకు దిగువన ఏటా మునిగే మడుల్లో స్వర్ణ సబ్-1 అనే వరి వేసి చూద్దామని ముగ్గురు ముందుకొచ్చారు. 2009లో వచ్చిన రకం, రెండు వారాల దాకా మునకను తట్టుకుంటుంది.

పంట బీమాలో స్థానిక నష్టానికి, అంటే కొన్ని పొలాలకే జరిగిన నష్టానికి, 72 గంటల్లో తెలియజేయాలన్నది అప్పటి నియమం. నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎన్ని గంటలు ఉన్నాయి అన్నదానికి ఇంతకాలం రైతు నోటిమాట తప్ప ఇంకో ఆధారం లేదు. ఇప్పుడు గంట గంటకూ మట్టం రాసి ఉంది, స్కేలు ముందు నిలబడి తీసిన ఫోటోలు ఉన్నాయి. పత్తి మునిగిన ఒక అక్క ఫారంతో పాటు ఆ రోజుల రీడింగుల ప్రింటు జతచేసింది. ఏమవుతుందో చూడాలి. మబ్బుల్లోంచి కూడా చూడగలిగే సెంటినెల్-1 ఉపగ్రహం రాడార్ బొమ్మలు ఉచితమే, 2022 వరద బొమ్మను దించి ఒడ్డున నడుస్తూ పొలం పొలం అడిగి చూశాం. చెట్లు లేని చేలల్లో బాగా కలిసింది, చెట్ల కింద మునిగిన చోట చూపించలేదు.

వచ్చే మృగశిరలోపు చేయాల్సినవి: గోదావరి వైపు అంకీసా దగ్గర రెండో వాగుకు స్కేలు, అక్కడ మట్టం ఇంద్రావతి మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి ఆ నది మీది పాతగూడెం కొలత కేంద్రం అంకెలు కూడా తీసుకోవాలి. బడి కప్పు మీద పెట్టెకు ఇంకో బ్యాటరీ. ట్యూబు మట్టం అవతలి ఒడ్డు పొలాల్లో ఇంకా చూడలేదు, పత్తి ఏరడం అయ్యాక దిగుతాం. చామోర్షి, అహేరి వైపు ఉండి ఆష్టి దగ్గర నదిని రోజూ కళ్లారా చూసేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, నెట్‌లో అంకె రాని రాత్రి ఫోన్ చేసి అడగడానికి అక్కడ మాకొక మనిషి కావాలి.